ఇరవై లీటర్ల దురద

పిన్నికి నమస్కారాలు.

నేను క్షేమం. పిండిమరలో పని మాత్రం ఇవాళో రేపో అన్నట్టుంది. నువ్వు దురదలకిచ్చే కానుగ నూనె ఇరవై లీటర్లు వెంటనే పంపు. ఎందుకని అడక్కు. మా ఓనరు గుమాస్తా నా ఉత్తరాలు విప్పి చదువుతున్నాడని అనుమానం. నెలాఖరులోగా ఈ సంగతి తేలకపోతే నా ఉద్యోగం ఊడుతుంది.

నీ బుడ్డోడు

తా.క. నూనె చిక్కగా ఉన్నా పర్వాలేదు. వేడి చేసి, గుడ్డలో వడగట్టుకుంటాను.

---

చిరంజీవి బుడ్డోడికి పిన్ని ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివేసరికి నా చేతిలో మూలికల పొట్లం జారిపోయింది. ముప్పై ఏళ్లుగా మందిస్తున్నాను. ఎంత మొండి తామరైనా ఒక్క సీసాతో తోక ముడవాల్సిందే. ఇరవై లీటర్లా! అసలు నీ ఒంటిమీద చర్మం మిగిలిందట్రా? రెండు డబ్బాలు లారీకెక్కించాను. పూటపూటా పట్టించు.

బెంగతో,
మీ పిన్ని

తా.క. దురద ఎక్కడెక్కడుందో రాయడానికి సిగ్గుపడకు. నీకు నీళ్లు పోసి పెంచినదాన్ని, నాకు తెలియని చోటా!

---

పిన్నీ, దండాలు.

డబ్బాలు అందాయి. నాకేం లేదు. మరలో నాతోపాటు ఉంటుందే, ముసలిది, దానికోసం. గుమాస్తా లేనప్పుడు కొంచెం పట్టించి చూశాను. దగ్గింది, ఒళ్లంతా ఊగిపోయింది, గుప్పున నల్లటి పొగ వదిలింది. తర్వాత కుదుటపడింది. నాలుగు రోజుల్లో ఐదు లీటర్లు తాగేసింది! ఇంకో రెండు డబ్బాలు పంపు.

సంతోషంలో తేలుతున్న
బుడ్డోడు

తా.క. పొద్దున పూట మొండికేస్తోంది. రెండు తన్నులు తన్నితే గానీ లేవడం లేదు.

---

ఒరేయ్ పాపిష్టోడా!

ఆశీస్సులు ఈసారి లేవు. కోపంలో గిలికేశాను, అక్షరాలు సర్దుకుని చదువుకో. ముసలావిడ చేత కానుగ నూనె తాగించావా! అది పైపూత మందురా! చుక్క లోపలికి పోతే వాంతులే! ఐదు లీటర్లు తాగి ఇంకా ఊపిరి ఎలా తీస్తోంది? పైగా తన్నులా? మా అక్క కడుపున ఎలా పుట్టావురా! విరుగుడు కషాయం పంపుతున్నాను. మీ ఓనరుకు కూడా సంగతంతా ఉత్తరం రాసి పడేశాను.

పిన్ని (ప్రస్తుతానికి)

తా.క. ఆవిడకు పళ్లున్నాయా? కషాయం తాగాక బెల్లం నమలాలి.

---

పిన్నీ, అది ఇంజను! మరకు కట్టిన డీజిలు ఇంజను! డీజిలు ఖర్చు భరించలేక, నెలాఖరుకి దాన్ని తుక్కుకేసి నన్ను పంపేస్తానన్నాడు ఓనరు.

నీ ఉత్తరం పట్టుకుని ఓనరు ఇద్దరు పోలీసుల్ని వెంటేసుకొచ్చాడు. "ముసలావిణ్ణి ఎక్కడ దాచావురా?" అన్నాడు. పిండి బస్తాల వెనకంతా వెతికారు. తెల్లగా పిండి కొట్టుకుపోయిన పోలీసుల్ని చూసి గుమాస్తా దయ్యాలనుకుని జడుసుకున్నాడు. చివరికి ఇంజను చూపించి, డబ్బా మూత తీశాను. ఓనరు వాసన చూసి, "వారం నుంచి దీనితోనా నడుస్తోంది?" అని బస్తామీద కూలబడ్డాడు. నా పని అయిపోయిందనుకున్నాను. మిగిలిన డీజిలు ఖర్చు వేళ్లమీద లెక్కేసుకుని లేచి, "దీన్ని తుక్కుకెయ్యను. నువ్వూ ఎక్కడికీ పోకు" అన్నాడు.

ఇంకా గుండె దడతో,
బుడ్డోడు

తా.క. పళ్లున్నాయి. గేరు చక్రానికి నలభై రెండు. బెల్లం నమలదు.

---

నా బంగారుకొండకు పిన్ని ముద్దులు.

తిట్లన్నీ వెనక్కి తీసుకున్నాను. కానీ నీ ఉత్తరంతో నాకు ఇంకో అనుమానం పట్టుకుంది. మా పక్కవీధి తోటమాలి పదకొండేళ్లుగా వారానికి రెండు లీటర్ల నూనె పట్టుకెళ్తున్నాడు. తగ్గిందా అంటే, "ఎక్కడమ్మా, అదే గోకుడు" అంటాడు. నా చేతిలో నయం కాని దురద అదొక్కటేనని ఎంత కుమిలిపోయానో!

ఇవాళ చెప్పాపెట్టకుండా వాళ్ల పెరట్లోకి వెళ్లాను. బావి పక్కన నీళ్ల ఇంజను టకటకా కొట్టుకుంటోంది. పొగంతా నా నూనె వాసనే! చొక్కా విప్పించాను. వీపు అద్దంలా ఉందిరా, ఒక్క మచ్చ లేదు! "ఎందుకిలా చేశావయ్యా?" అంటే, "ఇంజనుకని చెబితే పొమ్మంటారేమో, రోగమంటే కాదనరు కదమ్మా" అన్నాడు.

ఇంజన్లకు కూడా వైద్యం చేసిన
మీ పిన్ని

తా.క. పదకొండేళ్లూ నేను చెప్పిన పథ్యం మాత్రం నిజంగానే చేశాడట. పులుపు ముట్టలేదు, కారం ముట్టలేదు. "మీకు ఒక్క అబద్ధం చెప్పింది చాలనిపించిందమ్మా" అన్నాడు.