ఒకటిన్నర గంటల మంచు గురించి

బుకిట్ బటోక్,
మార్చి 6, శుక్రవారం

శ్రీయుత వీరభద్రరావు గారికి,
యాత్రల కార్యదర్శి,
పశ్చిమ సింగపూర్ తెలుగు కుటుంబాల సంఘం.

అయ్యా,

విషయం: మార్చి సెలవుల జపాన్ యాత్రలో పిల్లల స్కీయింగ్ శిక్షణ వేళను మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి మరల ఉదయం పదిన్నరకు మార్పించుట గురించి.

సంఘ సభ్యుడను, ఆంగ్ మో కియోలో ఒక శీతల గిడ్డంగికి మరమ్మతుల ఇంజనీరును అయిన జనార్ధనరావు అను నేను భయభక్తులతో, అందులో భయమే ఎక్కువగా, చేసుకొను మనవి. వాట్సాప్‌లో పెట్టినవి అర్జీలు కావనీ, తెలుగులో కాగితం మీద వ్రాసినవే పరిశీలింపబడుననీ తమరు సెలవిచ్చియున్నందున ఇట్లు వ్రాయుచున్నాను.

1. సదరు యాత్రకు పద్నాలుగు మంది పిల్లలు వెళ్ళుచున్నారు. అందులో నా ఏకైక కుమార్తె మహతి, వయస్సు పదకొండు, ఒకతె. గురువారం రాత్రికి అక్కడి మంచుకొండకు చేరి శనివారం ఉదయమే తిరుగు ప్రయాణం గనుక మంచు మీదికి వెళ్ళుటకు శుక్రవారం ఒక్కటే దినము. మొదట శిక్షణ పదిన్నరకే ఉండెను. గత నెల లిటిల్ ఇండియాలో జరిగిన సమావేశంలో ఒక సభ్యుడు లేచి, "శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు రాహుకాలమండీ! పసిపిల్లల్ని అప్పుడా కొండెక్కించేది?" అని గద్దించి అడిగినందున, సభ వారు చప్పట్లు కొట్టి వేళను ఒకటిన్నరకు మార్చిరి.

2. నిన్న నేను సదరు కొండ మీది కార్యాలయమునకు ఫోను చేసితిని. పెరుగన్నం డబ్బాలు పెట్టుకొనుటకు చోటున్నదా అని అడుగుట కొరకు మాత్రమే. ఫోను ఎత్తిన ఆవిడ చోటున్నదని చెప్పి, మన పిల్లలు ఎన్ని గంటలకు మంచెక్కుతారని ఇంగ్లీషులో అడిగినది. ఒకటిన్నరకు అన్నాను. "నేర్చుకునే పిల్లలా?" అని వెంటనే అడిగింది.

3. ఆవిడ చెప్పిన వివరములు ఏమనగా: వసంతం వచ్చుచున్నందున అక్కడ రాత్రి మైనస్ నాలుగు, మధ్యాహ్నం తొమ్మిది డిగ్రీలు ఉన్నవి. మన సింగపూర్‌లో పొద్దుటికీ మధ్యాహ్నానికీ పెద్ద తేడా ఉండదు గనుక మనకెవ్వరికీ ఇది తట్టలేదు. అక్కడ మంచు పూటకో రకం. పది దాటాక ఎండ తగిలి పైపొర గల్లు ఉప్పులా విడును. పిల్లలకు అదే మంచిది. పన్నెండు దాటిన పిదప నీరు లోపలిదాకా దిగి అంతా ముద్ద అగును. స్కీ పలక అందులో దిగబడి ఆగిపోవును, పిల్ల ముందుకు పోవును, మోకాలు మెలిపడును. ఇంతవరకైతే ఓర్చుకొందును. పిల్లలు నేర్చుకొను మైదానం పైన నిటారు గట్టు ఒకటి ఉన్నది. వెచ్చని మధ్యాహ్నం దాని మీది తడిమంచు బరువెక్కి ఒక్కసారిగా జారునట. నిరుడు ఇదే నెలలో, రెండు గంటలకు జారింది. "అదృష్టం, అప్పుడు కింద ఎవరూ లేరు," అన్నది ఆవిడ.

మనవాళ్ళు ఉంటారండీ. ఒకటిన్నర నుంచి మూడు వరకు మన పద్నాలుగు మందీ అక్కడే ఉంటారు.

4. తొమ్మిదికే కానిద్దామా అంటే అదియును కుదరదు. రాత్రి గడ్డకట్టిన నీరు అప్పటికింకా విడదు. మా గిడ్డంగిలో ఒకనాడు పగలంతా తలుపు తెరిచి ఉంచి సాయంత్రం మూసినారు. కారిన నీరు నేల మీద గాజులా బిగిసి, ముప్పై ఏళ్ళ అనుభవం గల ఫోర్‌మన్ మణికట్టు విరిగినది. కావున మిగిలినది పదిన్నర నుంచి పన్నెండు. సరిగ్గా అదే.

5. పై మొదటి అంశంలోని సభ్యుడు ఎవరో తమరికి తెలియును. రికార్డు నిమిత్తం వ్రాయుచున్నాను: నేనే. నా పెళ్ళి, ఫ్లాటు తాళాలు, మహతిని మొదటిసారి బడికి పంపడం, అన్నీ రాహుకాలం తప్పించే చేసినాను. చప్పట్లు కొడుతుంటే పిల్లను కాపాడానని పొంగిపోయాను కూడా. నేను నోరు మూసుకుని కూర్చుని ఉంటే పదిన్నర పదిన్నరగానే ఉండేది.

6. మహతిని మానిపించి ఊరుకొనవచ్చును. ఆ ఆలోచన వచ్చినది, దాచను. మిగతా పదమూడు మందిని ఆ గట్టు కిందికి పంపింది నా మాటే కదా! వాళ్ళ అమ్మానాన్నలకు నేనేం చెప్పాలి? మహతి మాత్రం, "నాన్నా, ఇట్స్ జస్ట్ స్నో లా! వై యూ సో స్కేర్డ్?" అంటున్నది.

కావున తమరు దయయుంచి శిక్షణ వేళను పదిన్నరకు మార్పించి, పిల్లలను రాహుకాలంలోనే పంపవలసినదిగా ప్రార్థన. ఈ వాక్యం వ్రాయుటకు గంట పట్టినది. నా నమ్మకం పోలేదండీ. ఇప్పుడు రెండు విధాల భయపడుచున్నాను. దోషమేదైనా ఉన్నచో పిల్లల జోలికి పోక అడిగిన నాకే చుట్టుకొనుగాక.

ఆలస్యం చేయక, సభ పిలువక, ఈ పూటే చిత్తగించవలెను.

తమ విధేయుడు, నిద్రాహారములు లేనివాడు,
జనార్ధనరావు
లలితకుమారి

తా.క.: వీరభద్రం అన్నయ్యా, ఇక ఈ భాష నావల్ల కాదు. మా ఆవిడ లలితకుమారి ఇదంతా చదివింది. కూరగాయలకు వెళ్ళినా క్యాలెండర్ చూసి గడప దాటే మనిషి. తిడుతుందనుకున్నా. "పెన్ను ఇటివ్వండి," అని నా సంతకం కింద తన సంతకం పెట్టి, వెళ్ళి బాల్కనీలో నిలబడింది. ఈ కాగితం పట్టుకుని ఆరింటికి మీ బ్లాకు కిందికి వస్తున్నా. ఒకటిన్నరే ఖాయమంటారా, ఫోనులో మాత్రం చెప్పకండి. లిఫ్టు దిగి వచ్చి, నా మొహం చూసి చెప్పండి.