మోకాలి ఎత్తు సున్నం

బ్రోకరు ఫోన్ చేస్తే ఇంకా ఆలోచిస్తున్నామని చెప్పు. నేను వచ్చేదాకా బయానా మాత్రం ఇవ్వకు. పాలు కాచి పెట్టాను.

తొలి రైలుకి ఆ స్టేషన్ వెనక ఇంటికే మళ్లీ వెళ్తున్నాను. ఆదివారం నువ్వు వంటింటి కిటికీ చూసి మురుస్తుంటే నేను గోడలు చూశాను. కొత్త సున్నం మోకాలి ఎత్తు దాకానే ఉంది. పక్కింటి ముసలమ్మ బియ్యం డ్రమ్ము ఇటుకల మీద పెట్టుకుంది. "ఎందుకు పెద్దమ్మా?" అంటే "అలవాటైపోయింది నాయనా" అంది. బ్రోకరు "ఎండ ముదురుతోంది, పదండి పదండి" అని కారెక్కించేశాడు. అప్పట్నుంచీ నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఇవాళ వాడు లేకుండా అడుగుతాను.

వానలకి నీళ్లొస్తాయంటే ఆ ఇల్లు వదిలేద్దాం. మెరక మీద కాలనీలో ఇల్లు అదే ధరకి ఉంది గానీ స్టేషన్‌కి దూరం. రోజూ డ్యూటీకి నడవాల్సింది నువ్వు. అందుకే నీ బ్యాగు తీసుకెళ్తున్నాను. భుజాన వేసుకుని, నీ నడకలో నడిచి చూస్తాను.

ఆదివారమే చెప్పొచ్చుగా అని తిట్టుకోకు. మూడేళ్లుగా ఇన్ని ఇళ్లు చూశాం. నువ్వు గడప దగ్గర చెప్పులు విప్పి లోపలికెళ్లింది ఆ ఒక్క ఇంట్లోనే. నాకు నోరు రాలేదు.