గంగుబాయి గారి సిస్టమ్ ఇమేజ్

ఆదిలాబాద్,
జూన్ 3

పరశురాములు గారికి నమస్కారం.

నేను గంగుబాయిని. ఏడేళ్ల కింద కరీంనగర్‌లో మీ షాపుకొచ్చి కంప్యూటర్ కొన్న టీచర్ని. ఇప్పుడు రిటైరయ్యాను. రెండు చెవులూ వినిపించవు. ఫోన్ చేస్తే మీ మాట నాకు చేరదు కాబట్టి ఈ ఉత్తరం.

నిన్న పక్కింటి జమున కాగితం మీద రాసి చూపింది: "పెద్దమ్మా, నీ కంప్యూటర్ గురక పెడ్తుంది, జర ఎవలకన్న సూపియ్యి."

అందులో పత్తి ఏరేటప్పుడు పాడే పాటలు రెండు వందల పద్నాలుగు ఉన్నాయి. సగం తెలుగు, సగం మరాఠీ. ఐలవ్వ అనే కూలి మనిషి ఆరేళ్లపాటు మా ఇంట్లో కూర్చుని పాడింది, నేను టైపు చేశాను. "నేను పోతే గివి ఎవలు పాడ్తరు బాయీ, రాసుకో" అనేది. చివరి ఏడాది ఆమె పెదవులు చూసి రాశాను. నిరుడు ఆమె పోయింది. ఆ పాటలు ఇప్పుడు ఆ డబ్బాలో తప్ప ఎక్కడా లేవు.

ఏం చేయాలో చెప్పగలరు.

ఇట్లు,
గంగుబాయి

తా.క. గురక పెట్టేది కంప్యూటరే, నేను కాదు. జమునను రెండుసార్లు అడిగి రూఢి చేసుకున్నాను.


కరీంనగర్,
జూన్ 8

టీచర్ గారికి నమస్కారాలు.

అది గురక కాదు, హార్డ్‌డిస్క్ ఆఖరి ఊపిరి. ఏ రోజైనా ఆగిపోవచ్చు. వెంటనే మొత్తం కంప్యూటర్‌కు సిస్టమ్ ఇమేజ్ తీసి జాగ్రత్తగా దాచండి. ఆ తర్వాత కంప్యూటర్ పోయినా ఫికర్ లేదు.

మీ సేవలో,
పరశురాములు
పరశురాం కంప్యూటర్స్

తా.క. ఒకటి చాలదు. రెండు తీస్తే మంచిది.


ఆదిలాబాద్,
జూన్ 14

పరశురాములు గారికి,

మీరు చెప్పినట్టే రెండు తీయించాను. ఒకటి బీరువాలో పెట్టి, రెండోది ఈ కవరులో పంపుతున్నాను. దుమ్ము తుడిచి, కింద కొత్త గుడ్డ పరిచి, స్టూడియో నడిపే సిద్దిరాములును ఇంటికే పిలిపించాను. "మేడమ్, గిది పెళ్లిపిల్ల లెక్క ముస్తాబైంది" అని చేతి మీద రాసి మరీ చూపాడు. మొత్తం సిస్టమ్ రావాలన్నారు కదా, కుర్చీలు కూడా వచ్చేటట్టు తీయమన్నాను. నేనూ పక్కన నిలబడ్డాను.

మనసు తేలికపడింది. మీ మేలు మరువను.

గంగుబాయి

తా.క. మౌస్ కొంచెం మసకగా పడింది. మళ్లీ తీయించమంటారా?


కరీంనగర్,
జూన్ 19

టీచర్ గారూ,

తప్పు నాదే, విడమరిచి చెప్పలేదు. ఇమేజ్ అంటే ఫోటో కాదు. లోపలున్న పాటలు, విండోస్, సెట్టింగులు అన్నిటినీ ఉన్నవి ఉన్నట్టు ఒక్క మూటగా కట్టి, బయటి హార్డ్‌డిస్క్‌లో పెట్టుకోవడం. ఎలా చేయాలో వేరే కాగితం మీద రాశాను. ఒక పెన్‌డ్రైవ్ కూడా పంపుతున్నాను. కంప్యూటర్ లేవనప్పుడు దాన్ని గుచ్చి బూట్ చేస్తే, ఆ మూటను మళ్లీ విప్పుకోవచ్చు. ఇవాళే మొదలుపెట్టండి.

పరశురాములు

తా.క. ఫోటోలో ఖాళీగా ఉన్న రెండో కుర్చీ ఐలవ్వదా?


ఆదిలాబాద్,
జూలై 6

పరశురాములు గారికి,

అవును, ఐలవ్వదే. ఆ మాట ఇంతవరకు నన్నెవరూ అడగలేదు.

ఇమేజ్ తీశాను. పొద్దున చాయ్ తాగి మొదలుపెడితే మధ్యాహ్నానికి అయింది. అంతసేపూ పక్కనే నిలబడ్డాను. మూడో రోజు కంప్యూటర్ నిజంగానే ఆగిపోయింది. ఇక్కడి మెకానిక్ కొత్త డిస్క్ బిగించి, మీ పెన్‌డ్రైవ్ గుచ్చి, ఇక నొక్కడమే అన్నట్టు వేలు చూపించి పోయాడు.

తెర మీద ఒక ప్రశ్న ఉంది. డిస్క్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని. నాలుగు రోజులుగా దాని ఎదుట కూర్చున్నాను. కూరగాయలు కూడా అక్కడే తరుగుతున్నాను. "నొక్కు పెద్దమ్మా" అని జమున రోజూ రాసి చూపిస్తుంది. చెయ్యి రావడం లేదు. ఐలవ్వను నా చేత్తో నేనే చెరిపేస్తానేమో.

గంగుబాయి

తా.క. పెన్‌డ్రైవ్ వచ్చిన రోజు కవరు దులిపి దులిపి బూటు కోసం వెతికాను. నేను చెప్పులే తొడుగుతాను.


కరీంనగర్,
జూలై 10

టీచర్ గారూ,

చెరిగేది కొత్త డిస్క్. అందులో ఏమీ లేదు. ఐలవ్వ బయటి డిస్క్‌లో క్షేమంగా ఉంది. ఆమె మళ్లీ లోపలికి రావాలంటే చోటు ఖాళీ చేయాలి, అంతే.

మీ భయం నాకు తెలుసు. మా ఆవిడ పోయే ముందు రాసిన సరుకుల చీటీ ఒకటి నా చొక్కా జేబులో ఉండిపోయింది. పసుపు, పల్లీలు, సబ్బు. మూడేళ్లుగా ఆ చొక్కా ఉతకలేదు. కానీ చీటీకి రెండో ప్రతి లేదు. మీ పాటలకు ఉంది.

నొక్కండి.

పరశురాములు


ఆదిలాబాద్,
జూలై 22

పరశురాములు గారికి,

నొక్కాను. గంటన్నరకు తెర వెలిగింది. రెండు వందల పద్నాలుగూ ఉన్నాయి. నూట ముప్పై ఒకటో పాటలో నేను చేసిన అక్షర దోషంతో సహా. దాన్ని దిద్దలేదు. ఆ రోజు ఐలవ్వ నవ్విస్తే తప్పుపడింది.

అయితే నిన్నటి నుంచి కంప్యూటర్ మళ్లీ అసలు వెలగడం లేదు. తెర నల్లగా ఉంది. ఏం చేయాలో వివరంగా రాయండి. రెండు పేజీలకు తగ్గితే నాకు అర్థం కాదు.

గంగుబాయి

తా.క. తొందరేమీ లేదు. కానీ ఆలస్యం చేయకండి.


కరీంనగర్,
జూలై 27

గంగుబాయి గారికి నమస్కారాలు.

ఇన్నాళ్లూ మీరు నీలం ఇంకుతో, చేతితో రాశారు. కంప్యూటర్ వెలగడం లేదన్న ఈ ఉత్తరం మాత్రం చక్కగా టైపు చేసి, ప్రింటు తీసి పంపారు. అక్షరం ముత్యంలా పడింది. వెలగని యంత్రం మీద ఇంత మంచి పని జరగడం నా సర్వీసులో చూడలేదు.

కోపం తెచ్చుకోలేదు. నాకా అర్హత లేదు. షాపు మూసి పద్నాలుగు నెలలైంది. అక్కడిప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. మీ మొదటి ఉత్తరాన్ని పోస్ట్‌మ్యాన్ లక్ష్మీరాజం వెతుక్కుంటూ ఇంటికి తెచ్చాడు. "సార్, ఎవలో ఇంక నిన్నే అడుగుతున్రు" అన్నాడు. అప్పటికి నన్ను ఎవరైనా ఏమైనా అడిగి చాలా రోజులైంది. మూసేశానని మీకు రాద్దామని కూర్చున్నాను. పెన్ను గురక గురించి రాసింది.

ఇకమీదట మీ కంప్యూటర్‌కు ఏ జబ్బూ లేకపోయినా రాయవచ్చు. ఇంటి చిరునామా కవరు వెనక ఉంది.

మీ,
పరశురాములు

తా.క. షాపు పేరు అచ్చేసిన ఈ కాగితాలు నాలుగు వందలు మిగిలిపోయాయి. అవి అయిపోయేదాకా మనిద్దరం బతికుండాలి.