సాయంత్రం ముందుగా ఎత్తుకునేది ఎవరు?

అక్కా,

నువ్వు కన్నుమూశాక ఫరీదాబాద్ క్లినిక్‌లో నీ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. ఇవాళ గుడియా వాళ్ళమ్మతో వచ్చింది. పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డులో పనిచేసే అతని కూతురు. ఒంట్లో సీసం చేరి, వచ్చిన మాటలు కూడా మానేసిన పిల్ల.

ఆసుపత్రిలో మందిస్తే రక్తంలో సీసం తగ్గేది, ఇంటికెళ్ళాక మళ్ళీ పెరిగేది. మేమంతా పసుపునీ, కాటుకనీ, గోడల రంగునీ అనుమానించాం. నువ్వు మాత్రం వాళ్ళమ్మను ఒక్కటే అడిగావు: "సాయంత్రం పాపను ముందుగా ఎవరు ఎత్తుకుంటారు?"

"ఇంకెవరు దీదీ, వాళ్ళ నాన్నే. గుమ్మంలోనే మీద పడిపోతుంది" అని నవ్విందావిడ.

ఆ చొక్కా నిండా సీసం దుమ్మే! నేనైతే అతని మీద అరిచేసేదాన్ని. నువ్వు నెమ్మదిగా, "ఎత్తుకోవడం మానొద్దు భయ్యా. స్నానం చేసి, బట్టలు మార్చుకుని ఎత్తుకో" అన్నావు.

ఇవాళ కాసేపటికి అతను షెడ్డు నుంచి నేరుగా వచ్చాడు. గుడియా "పాపా" అని నాన్నను పిలుస్తూ పరుగెత్తింది. అతను చేతులు వెనక్కి పెట్టేసుకుని, "ఆగు బేటా, ముందు స్నానం చేసి రానీ" అంటూ దూరం జరిగాడు. క్లినిక్ వెనక కుళాయి దగ్గర స్నానం చేసి, సంచిలోంచి ఉతికిన చొక్కా తీసి తొడుక్కున్నాకే ఎత్తుకున్నాడు. పాప అతని తడి జుట్టు పట్టుకుని ఒకటే కబుర్లు.

రిపోర్టులో సీసం బాగా దిగింది. వెళ్తూ వాళ్ళమ్మ, "పెద్ద డాక్టర్ దీదీ సెలవులో ఉన్నారా? ఆమెకు తప్పకుండా చెప్పండి" అంది.

చెప్తానన్నాను.