పెత్తరమాస విస్తరి

నిన్న రాయని సంగతి ఇంకోటి ఉంది బాపమ్మా. నీకు చదువు రాదు, నువ్వు లేవు కూడా, అందుకే ధైర్యంగా రాస్తున్నా. రోజూ పొద్దున నాకు కడుపులో తిప్పి చేతులు వణుకుతాయి. దానికి పేరు పెట్టి రాస్తే సగం తగ్గుతుందని బడిలో కౌన్సెలర్ మేడమ్ చెప్పింది. నెల నుంచి "యాంగ్జైటీ" అని రాస్తున్నా, తగ్గలేదు.

ఈరోజు పెత్తరమాస, పోయినవాళ్లకు విస్తరి పెట్టే అమావాస్య. నీ ఫోటో ముందు చిన్నమ్మ విస్తరి వేసి గారెలు, మటన్, కల్లు పెట్టింది. "మా అత్తకు బొక్కల కూరంటే పానం," అని బొక్క చీకుతూ అందరికీ చెప్పింది. నువ్వు మంచాన పడ్డప్పుడు పలుచటి గంజి పోసి, "ఎక్కువ పెడితే ఎవలు కడుగుతరు?" అన్నది ఈమే. ఆ నూనె మూతి చూస్తే నాకు వాంతి వచ్చినట్టయింది. పైకి అంటే బాపు చెంప పగలగొడతాడు.

ఇది ఉత్త భయం కాదు. కుళ్ళిన వంకాయ చూసి నువ్వు అనేదానివే, రోత అని. అదే. ఆ మాట రాయగానే చేతుల వణుకు ఆగింది.

కానీ ఆ గంజి తెచ్చింది నేనే. ముక్కు మూసుకుని గడప దగ్గరే పెట్టి పోయేదాన్ని. చిన్నమ్మ ఒక్కదాని మీదే కాదు ఈ రోత.

"ఏమే, తలుపు తియ్యి. బాపమ్మ విస్తరి నువ్వే తినాలె, ఆమెకు నువ్వంటేనే పానం."

చిన్నమ్మ తలుపు కొడుతోంది. కాగితాలు నువ్వు బీడీలు చుట్టిన చాట కింద పెడుతున్నా. నువ్వు పోయినప్పటి నుంచి దాన్ని ఇంట్లో ఎవరూ ముట్టరు.