నీ బ్యాండ్ మళ్లీ కలిసింది

అక్కా,

ఎన్నో ఏళ్లుగా ఒకరి మొహం ఒకరు చూసుకోని నీ బ్రిటిష్ బ్యాండ్ వాళ్లు ఈ ఏడాది మళ్లీ కలిశారు. వాళ్ల పాత పాటలు ఎక్కడ చూసినా మోగుతున్నాయి. నిన్న చికాగోకి కూడా వచ్చారు.

నువ్వు కీమోకని హాస్పిటల్‌లో ఉన్నప్పుడు బావ నీ పాటల రికార్డులన్నీ ట్రాష్‌లో వేశాడు. ఇంటికొచ్చి ఖాళీ షెల్ఫ్ చూసి, "పోనీలేవే" అన్నావు. నేను పోనివ్వలేదు.

నెల క్రితం బావ ఇక్కడే, చికాగో పక్కన నేపర్‌విల్‌లో మీ ఇంట్లో పార్టీ ఇచ్చాడు. "ఆ బ్యాండంటే మా ఇద్దరికీ పిచ్చి" అని ఫ్రెండ్స్‌కి చెప్పుకుంటున్నాడు. నా దగ్గర రెండు టికెట్లున్నాయని తెలిసి, "నన్నూ తీసుకెళ్లు, తన గుర్తుగా" అన్నాడు.

"తప్పకుండా బావా. ముందు అక్క రికార్డ్ ఒకటి తెచ్చి ప్లే చేయండి" అన్నాను, అందరూ వింటుండగానే.

"బేస్‌మెంట్‌లో ఎక్కడో ఉండాలి" అని నసిగాడు.

"నువ్వే ట్రాష్‌లో వేసేశావ్ కదా డాడీ" అంది నీ కూతురు అనన్య.

రెండో టికెట్ దానికిచ్చాను. నిన్న షోలో నీకిష్టమైన పాట రాగానే అది లేచి నిలబడి పాడింది. అచ్చం నీ గొంతే. వీడియో తీసి బావకి పంపాను. చూశాడు.

నువ్వుంటే నన్ను ఆపేదానివి. లేవుగా.