మూత తెరిస్తే తెర వెలగడం లేదు

శ్రీధర్,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇక్కడ డార్విన్ ఊళ్లో మళ్లీ వానలు మొదలయ్యాయి.

పొద్దున నీ ల్యాప్‌టాప్ బయటికి తీశాను. మూత మూసి తెరిస్తే తెర నల్లగానే ఉండిపోతోందని లినక్స్ వాడేవాళ్ల ఆన్‌లైన్ ఫోరంలో అడిగావు కదా, దానికి నువ్వు పోయిన వారానికే ఎవరో ఒకాయన జవాబు పెట్టాడు. తర్వాత రెండుసార్లు, "పనిచేసిందా?" అని కూడా అడిగాడు.

సాయం తీసుకుని, ఫలితం చెప్పకుండా మాయమయ్యేవాళ్లంటే నీకు ఒళ్లు మంట. "వెనకొచ్చేవాళ్లకి తెలియొద్దా?" అని నా మీద అరిచేవాడివి, ఆ తప్పేదో నేనే చేసినట్టు. కొత్తవాళ్లు ప్రశ్నతో పాటు ఇంటి సంగతులు రాసినా ఊరుకునేవాడివి కాదు. "అడిగిందానికే జవాబు, సొంత కథలొద్దు" అనేవాడివి. ఇప్పుడు ఆ మాయమైనవాళ్లలో నువ్వూ ఉన్నావు. నాకు నచ్చలేదు.

ఆయన టైప్ చేయమన్న కమాండ్ లైను ఒక్కో అక్షరం చూసుకుంటూ కొట్టాను. మొదటిసారి ఒక చుక్క వదిలేశాను. రెండోసారి సరిగ్గా కొట్టి, మూత మూసి తెరిచాను. తెర వెలిగింది.

నీ అకౌంట్లోంచే రాశాను: "పనిచేసింది. థాంక్స్. ఆలస్యానికి సారీ." నువ్వు అందరితో పెట్టించినట్టే, ప్రశ్న ముందు "సాల్వ్‌డ్" అని కూడా పెట్టాను.

పక్కనే నిలబడి చూస్తున్న మన అమ్ములు, "మమ్, షుడంట్ వీ టెల్ దెమ్ అబౌట్ డాడ్?" అంది.

"వద్దమ్మా," అన్నాను. "అది వాళ్లు అడగలేదు."